గాజులామె చేతులు

ఆగస్టు ఐదు, మంగళవారం. ఆ మధ్యాహ్నం జెరెమియా తిన్నది గోంగూర పప్పు, రెండు ఊరమిరపకాయలు, డబ్బాలో ముద్దకట్టిన అన్నం. వంట తనదే. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఐసీయూ పక్కనున్న మందుల గదిలో, సెలైన్ పెట్టె మీద పాత పేపరు పరుచుకుని, ఉప్పు సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా తింటున్నాడు. ఆ తేదీ, ఆ భోజనం రెండూ ఆ తర్వాతెప్పుడూ అతనికి కలిసే గుర్తుకొచ్చేవి. డబ్బా సగం ఖాళీ అయ్యేసరికి గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు.

"తింటున్నరా సార్? తినుండ్రి, తినుండ్రి. నేను నిలబడ్త."

ఏడో బెడ్డు కమలాబాయి కూతురు నవత. రెజిమెంటల్ బజార్లో తల్లీకూతుళ్లది గాజుల దుకాణం. నవత చేతిలో కింది మెడికల్ షాపు కవరుంది. ఆ ఆసుపత్రిలో రాసిన మందులు కింద కొని పైకి తెచ్చివ్వాల్సింది రోగి తాలూకు మనుషులే. రెండు వారాలుగా ఆ మెట్లెక్కీ దిగీ ఆమె చెప్పుల అంచులు అరిగిపోయాయి.

"సిస్టర్‌కి ఇచ్చెయ్యకపోయావా అమ్మా?"

"ఇస్త సార్. గానీ ఒక మాట అడగాలె. పరేషాన్ చేస్తున్ననా?"

"లేదులే, అడుగు."

నవత కవరులోంచి సీసాలు తీసి డబ్బా పక్కన ఒక్కొక్కటీ నిలబెట్టింది. గాజులు సర్దినంత జాగ్రత్తగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టింది.

"వీటిల్ల మా అమ్మ బీమారికి ఏవి? మందుల వల్ల వచ్చిన తక్లీఫులకు ఏవి? జెర వేరు చేసి చెప్తరా?"

జెరెమియా చేయి కడుక్కుని వచ్చాడు. అతను క్లినికల్ ఫార్మసిస్టు. ఐసీయూలో ఎవరికి ఏ మందు ఎంత వెళ్తోంది, ఏది దేనితో పడదు అన్నది చూడటం అతని ఉద్యోగం. ఇన్నేళ్లలో రోగి మనుషులు ధర అడిగారు, నాణ్యత అడిగారు, ఇది ఎవరూ అడగలేదు. కొంచెం ఉత్సాహంగానే సీసాలు జరపడం మొదలుపెట్టాడు.

"ఇది ఇన్ఫెక్షన్‌కి. ఇది బీపీ నిలబెట్టడానికి. ఇది మలబద్ధకానికి."

"గదెందుకొచ్చింది?"

"నొప్పి తెలియకుండా ఇచ్చే మందు వల్ల."

"మరి బీపీ ఎందుకు పడుతుంది?"

"జబ్బు వల్ల. కొంత ఈ నిద్రమందు వల్ల కూడా."

"నిద్రమందు ఎందుకు సార్?"

"నిద్రకి."

నవత అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

"పండుకొనే ఉంది గద సార్."

జెరెమియా ఆ సీసాని ఎటు జరపాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. కారిడార్‌లో ఎవరిదో స్ట్రెచర్ చక్రం కీచుమంటూ వెళ్లింది.

"డాక్టరుగారిని కనుక్కుని చెప్తానమ్మా."

"ఊకనే అడిగిన సార్. మీరు తినుండ్రి, చల్లగయితది." ఆమె సీసాలన్నీ మళ్లీ కవరులో వేసుకుని, చివరిది అతని చేతిలోంచి తీసుకుని వెళ్లిపోయింది. అన్నం ఎప్పుడో చల్లారింది. మిగిలినది అతను తినలేదు.

సాయంత్రం రౌండ్సు ఎప్పట్లాగే పచ్చరంగు బెడ్ల దగ్గర మొదలైంది. నర్సుల బల్ల పైన గోడకి ఒక తెర ఉంది. అందులో ఒక్కో బెడ్డుకి ఒక అంకె, అంకె వెనక రంగు. రోగికి ఎన్ని మందులు, అవి సూదిలోనా, గొట్టంలోనా, గంటగంటకీ మోతాదు మార్చాల్సినవి ఎన్ని, ఇలా ప్రతిదానికీ మార్కులు వేసి కూడితే ఆ అంకె వస్తుంది. ఆ పద్ధతిని కిందటేడు ఆసుపత్రికి తెచ్చింది జెరెమియానే. ఎక్కడ మందుల చిక్కు ఎక్కువో అక్కడ పొరపాటు జరిగే వీలూ ఎక్కువ, కాబట్టి అక్కడ ఎక్కువసేపు నిలబడాలన్నది అతని ఆలోచన. అంకె పెద్దదైనవాళ్లలో ఎక్కువమంది బతకడం లేదని కూడా లెక్కల్లో తేలింది. అది విన్న మేనేజ్‌మెంటు వాళ్లు అంకెకి రంగులు వేయించారు. పచ్చవాళ్లని ముందు చూసి వార్డుకి పంపితే బెడ్లు ఖాళీ అవుతాయి గనక రౌండ్సు పచ్చతో మొదలై, పసుపు మీదుగా, అందరికీ కాళ్లు పీకే వేళకి ఎరుపుకి చేరేవి.

కమలాబాయిది ఎరుపు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ పట్టుకుంది. నోట్లో వెంటిలేటర్ గొట్టం. రెండు చేతులూ మంచం కమ్మీలకి మెత్తటి గుడ్డపట్టీలతో కట్టి ఉన్నాయి. ఏళ్ల తరబడి గాజులు రాసుకున్నచోట మణికట్టు చర్మం నున్నగా మెరుస్తోంది.

"ఏడు, అలాగే ఉంది సార్," అన్నాడు జూనియర్ డాక్టరు తిరుమల్.

"బీపీ?"

"మందు మీద ఉంది సార్."

ఐసీయూ పెద్ద డాక్టరు యుగంధర్ ఆమె పాదాల మీద చేయి వేసి చూశాడు. వెచ్చగా ఉన్నాయో లేదో అతను ఎప్పుడూ అలాగే చూస్తాడు. జెరెమియాకి అతనిలో నచ్చేది అదే. తర్వాత అతని ఫోను మోగింది. తిరుమల్ ఆ రోజు పేజీలో సీఎస్‌టీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశాడు. నిన్నటి వైద్యమే ఇవాళా అని దానర్థం. నిన్నటి పేజీలోనూ అవే అక్షరాలు ఉన్నాయి, మొన్నటి దాంట్లోనూ. ఒక్కోదాని కింద, చూశానన్నట్టు జెరెమియా టిక్కు.

కౌన్సెలింగ్ గదిలో నవతతోపాటు ఆమె మేనమామ దుర్గేష్ కూడా కూర్చున్నాడు. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు. చొక్కా జేబులో తాళంచెవి, దానికి ఎర్రటి ఊలు కుచ్చు.

"డాక్టర్ సాబ్, సీదా చెప్పుండ్రి. మా అక్క లేస్తదా, లేవదా?"

యుగంధర్ కొంచెం ముందుకి వంగాడు. "ఇన్ని మందుల మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది బయటపడటం లేదండీ. మా స్కోరు కూడా అదే చెప్తోంది. రెండు వారాలైంది, స్పృహ రాలేదు. శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంటికి తీసుకెళ్లే సంగతి మీరు ఆలోచించుకోవాలి."

"గొట్టం తీస్తే?"

"ఎక్కువసేపు ఉండరు."

దుర్గేష్ తాళంచెవి కుచ్చు సాపు చేసుకున్నాడు. "ఆఖరి శ్వాస ఇంట్ల ఇడువాలె సార్. గీ వైర్ల నడుమ గాదు. అంబులెన్స్ మాట్లాడుత."

నవత నీళ్ల బాటిల్ మీది కాగితాన్ని గోటితో చీలుస్తోంది. "శుక్రవారం వరలక్ష్మీ వ్రతం," అంది ఎవరితోనూ కానట్టు. "గా దినం దుకాణంల నిలబడ జాగ ఉండదు."

జెరెమియా మూలన కూర్చుని ఉన్నాడు. కౌన్సెలింగ్‌లో ఫార్మసిస్టు కూడా ఉండాలన్నది కొత్త నిబంధన. ఆ గదిలో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

*

బుధవారం పొద్దున సీతాఫల్‌మండి స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలెక్కిన జెరెమియా కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేదు. గుమ్మం దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సికింద్రాబాద్‌లో దిగి, ఎప్పుడూ ఆగే చాయ్ బండి దాటి నడిచాడు. బండివాడు "సాబ్, చాయ్?" అని వెనకనుంచి కేకేశాడు. చేయి ఊపాడే గాని ఆగలేదు. పండుకొనే ఉంది గద సార్. రాత్రంతా ఆ మాటే. వంటింట్లో పంపు చుక్కచుక్కగా కారుతుంటే లేచి రెండుసార్లు బిగించి వచ్చాడు. భార్య మార్త ఉన్నప్పుడు ఇలాంటి రాత్రుల్లో అటు తిరిగి పడుకునే, "పడుకోండి, పొద్దున వెళ్లి అడగండి," అనేది. ఏమిటి సంగతని అడిగేది కాదు.

యుగంధర్ డ్యూటీ గదిలో ఇడ్లీ పొట్లం విప్పుతున్నాడు.

"రండి జెరెమియా గారూ. ఒకటి తీసుకోండి."

"తర్వాతండీ. ఏడో బెడ్డు నిద్రమందు ఆపుదాం."

యుగంధర్ చేయి పొట్లం మీదే ఆగింది. "నాలుగో రోజు ఆపాం కదా. గొట్టం లాగేసుకోబోయింది. ఆక్సిజన్ ఎంత పడిపోయిందో మీరూ చూశారు."

"చూశాను. అప్పుడు ఊపిరితిత్తులు అలా ఉన్నాయి. ఇప్పుడు మెరుగు. కానీ ఆ తర్వాత మళ్లీ ఎవరం ఆపి చూడలేదు. కిడ్నీలు పనిచెయ్యడం లేదు గనక ఇచ్చిన మందు బయటికి పోదు, ఒంట్లోనే నిలవుంటుంది. స్పృహ లేకపోవడం జబ్బు వల్లో మందు వల్లో మనకి తెలీదండీ."

"ఈ మాట మీరు ముందే ఎందుకు చెప్పలేదు?" ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

"రోజూ టిక్కు పెడుతూనే ఉన్నాను."

యుగంధర్ కళ్లు నులుముకున్నాడు. రాత్రి డ్యూటీ కూడా అతనిదేనని అప్పుడు తెలిసింది.

"స్కాన్‌లో తలకేం లేదు," అన్నాడు తనలో తాను. "ఆపినా లేవకపోతే? శుక్రవారం వాళ్లకి ఏం చెప్తాం?"

"ఇప్పుడు చెప్పినదే చెప్దాం. కాకపోతే అప్పుడు తెలిసి చెప్తాం."

యుగంధర్ లేచి చేతులు కడుక్కున్నాడు. ఏడో బెడ్డు మందుల కాగితం అందుకుని, అక్కడే నిలబడి, ఒక్కో మందు పేరు పైకి చదివాడు. ఇది ఎందుకు? జెరెమియా చెప్పాడు. ఇది ఉండాలి. ఇది? ముందుజాగ్రత్తకి మొదలుపెట్టాం, ఆ భయం పోయింది. కొట్టెయ్యండి. కడుపు మంటకి రెండెందుకున్నాయి? ఒకటి ఆమె ఇంట్లో వాడేది, ఇంకొకటి మనం రాసింది. ఒకటి కొట్టెయ్యండి. నిద్రమందు దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.

"ఆపుతున్నా. కానీ ఆవిడ మళ్లీ గొడవ చేస్తే వెంటనే ఇవ్వాలి. అవసరమైతే ఇవ్వొచ్చని ఆర్డరు ఉంచుతున్నా. గొట్టం ఊడితే నేను భరించలేను."

"ఉంచండి," అన్నాడు జెరెమియా. అంతకంటే అడగటం న్యాయం కాదనిపించింది.

ఆ రోజంతా ఏదో ఒక మిషతో ఏడో బెడ్డు దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు. కమలాబాయి కదల్లేదు. కనురెప్పల మీద నర్సు పెట్టిన తడి దూది కూడా కదల్లేదు.

*

గురువారం పొద్దున దుర్గేష్ మందుల గదిలోకి నేరుగా వచ్చేశాడు. చేతిలో దూద్‌పేడా డబ్బా.

"ముందుగాల నోరు తీపి చేస్కోండ్రి సార్! ఎర్రది పోయింది. పీలా, పసుపు రంగు వచ్చింది. అద్దంలకెల్లి నా కండ్లతోని చూసిన."

జెరెమియా చేతిలో ఒక పేడా పెట్టేశాడు. అది తినకుండా, పక్కన పెట్టకుండా అలాగే పట్టుకుని, "కూర్చోండి దుర్గేష్ గారూ," అన్నాడు జెరెమియా.

చెప్పకపోతే ఏం? ఒక్క పూట సంతోషం. దుర్గేష్ సెలైన్ పెట్టె మీద అంచున కూర్చుని, నవ్వు ముఖంతో చూస్తున్నాడు.

"నిన్న కొన్ని మందులు తీసేశాం. అందుకని అంకె తగ్గింది. రంగు మారింది. మీ అక్కగారు మాత్రం నిన్న ఎలా ఉన్నారో ఇవాళా అలాగే ఉన్నారు."

దుర్గేష్ నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా, విషయం లోపలికి దిగినకొద్దీ పోయింది.

"అంటే బండ్లకెల్లి సామాన్ దించిండ్రు. బండి హల్కా అయింది. ఇంజన్ బాగయినట్టు గాదు."

"అంతేనండీ."

"మరి గా బోర్డు ఎందుకు పెట్టిండ్రు సార్?"

"ఎక్కడ ఎక్కువసేపు నిలబడాలో మాకు తెలియడానికి."

"మరి నిలబడ్డరా?"

దుర్గేష్ మామూలుగానే అడిగాడు. జెరెమియా చేతివేళ్లకి పేడా అంటుకుంది. బయట లిఫ్టు తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకుండానే మూసుకుంది.

"లేదండీ," అన్నాడు.

దుర్గేష్ తల ఊపాడు. తిడతాడనుకున్నాడు జెరెమియా. అతను డబ్బా మూత పెట్టబోయి, మళ్లీ తెరిచి, ఇంకో పేడా తీసి కాగితంలో చుట్టి పెట్టె మీద ఉంచాడు. "ఇంటికి తీస్కపోండ్రి. నేను రేపు సాయంత్రానికి ఆక్సిజన్ అంబులెన్స్ మాట్లాడిన. దాన్ని వద్దనాల్నా, రమ్మనాల్నా?"

"నేను చెప్పలేను."

"మీరు సుత చెప్పకపాయె," అని లేచాడు.

సాయంత్రం డ్యూటీ దిగుతూ జెరెమియా వెయిటింగ్ హాల్లోంచి వెళ్తుంటే నవ్వులు వినిపించాయి. ఆ హాల్లో నవ్వులు అరుదు. నర్సు గ్లోరియా పేపరు కప్పులో టీ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఖాళీ చేతిని నవత తన రెండు చేతుల మధ్య పట్టుకుంది.

"ఏందీ, జ్యోతిషమా? మాది చర్చి ఇల్లు, మాకు పనికిరాదమ్మా," అంటోంది గ్లోరియా.

"జ్యోతిషం గాదక్కా, సైజు. జెర లూజ్ ఇడువు." నవత ఆమె బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల ఎముకల్ని దగ్గరికి చేర్చి ఒక్క నొక్కు నొక్కింది. చూపు మాత్రం ఐసీయూ తలుపు మీదే ఉంది. "టూ ఫోర్. ఎడమ చేయికయితే కొంచెం తంగ్ అయితది."

"చూడకుండానే!"

"చేయిని చూస్తే మోసపోతవంటది మా అమ్మ. పట్టుకోవాలెనంట. బక్కచేయి అనుకుంటం, బొక్క గట్టిగుంటది. నొక్కితే ఎంత లొంగుతదో గదే సైజు." పక్క కుర్చీలోంచి ఇంకెవరో ముసలామె తన చేయి చాపింది. నవత అదీ పట్టుకుంది, మడిచింది, నొక్కింది. "పెద్దమ్మా, నీది టూ టెన్. గట్టిగ పనిచేసిన చేయి."

జెరెమియా స్తంభం పక్కన నిలబడి అంతా చూశాడు. మార్త సబ్బుపెట్టె పైన మేకుకి ఇప్పటికీ నాలుగు ఆకుపచ్చ గాజులున్నాయి. వాటి సైజు ఎంతో అతను ఎప్పుడూ తెలుసుకోలేదు.

*

శుక్రవారం పొద్దున రౌండ్సులో ఒక చిన్న తేడా వచ్చింది. పచ్చబెడ్డు దగ్గర అలవాటుగా గుమిగూడినవాళ్లని దాటుకుంటూ యుగంధర్ నేరుగా మూలనున్న ఎర్రబెడ్డు దగ్గరికి నడిచాడు. అది వేరే ఎవరిదో, ఒక ముసలాయనది. తిరుమల్ ఫైళ్లు ఎత్తుకుని వెనకాల పరుగెత్తాడు. ఒక్కో మందు పేరూ పైకి చదివించాడు. రౌండ్సు పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది.

ఏడో బెడ్డు దగ్గర వంగి, "కమలాబాయి గారూ! కళ్లు తెరవండి!" అని గట్టిగా పిలిచాడు. కనురెప్పలు వణికినట్టున్నాయి. వణకలేదేమో కూడా. నొప్పికైనా కదులుతుందేమోనని గుండె ఎముక మీద నొక్కి చూశాడు. నుదురు ముడిపడి విడిపోయింది.

"ఇది చాలదు," అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు. "సాయంత్రం వాళ్లతో మాట్లాడదాం."

నాలుగు దాటాక వాన మొదలైంది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు తలుపు తీసుకుని కాళ్లు బయటికి చాపుకుని కూర్చున్నాడు. దుర్గేష్ గొడుగు లేకుండా అతనితో ఏదో మాట్లాడుతున్నాడు. జెరెమియా మందుల అరలు సర్దాడు. సర్దినవే మళ్లీ సర్దాడు. అంబులెన్సు వచ్చినందుకు దుర్గేష్ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. తనవాళ్లని ఇంటికి తీసుకుపోవాలనుకోవడంలో తప్పేముంది?

గోడ ఫోను మోగింది. తిరుమల్ గొంతు కంగారుగా ఉంది. "సార్, ఏడుకి నిద్రమందు ఒకటి పంపండి. పేషంటు గొడవ చేస్తోంది."

నిద్రమందు తాళం వేసిన అరలో ఉంటుంది. జెరెమియా తాళం తీసి, చిన్న గాజుసీసా ఒకటి ట్రేలో పెట్టాడు. మామూలుగా అయితే వార్డుబాయ్‌కి ఇచ్చి పంపాలి. ట్రే తనే పట్టుకుని నడిచాడు. నడుస్తుంటే సీసా ట్రేలో అటూ ఇటూ దొర్లి చప్పుడు చేసింది. బొటనవేలితో దాన్ని నొక్కిపట్టాడు.

ఏడో బెడ్డు దగ్గర కొత్త సిస్టర్ ఒకమ్మాయి వంగి, ముఖం ఎర్రబడి ఉంది. ఒళ్లు తుడవడానికి చేతిపట్టీలు విప్పినట్టున్నారు, నీళ్ల గిన్నె మంచం కాళ్ల దగ్గరుంది. కమలాబాయి కళ్లు సగం మూసే ఉన్నాయి. కుడిచేయి మాత్రం ఆ అమ్మాయి చేతిని పట్టుకుని నలుపుతోంది.

"వదలడం లేదు సార్, నొక్కేస్తోంది," అంది సిస్టర్. "లాక్కుంటే ఇంకా గట్టిగా పడుతోంది."

"ఇంకాసేపైతే గొట్టం మీదకి పోతుంది చేయి," అన్నాడు తిరుమల్. సిరంజి విప్పి సిద్ధంగా ఉన్నాడు. "ఇవ్వండి సార్."

జెరెమియా ట్రే ఇవ్వలేదు. ఆ చేతినే చూస్తున్నాడు. వాచిపోయిన వేళ్లు. అవి ఆ అమ్మాయి బొటనవేలిని వెతికి పట్టుకున్నాయి. అరచేతిలోకి మడిచాయి. మిగతా వేళ్ల ఎముకల్ని దగ్గరికి చేర్చాయి. నొక్కు. అమ్మాయి భయపడి లాక్కుంది. చేయి మళ్లీ మొదటినుంచి వెతకడం మొదలుపెట్టింది.

అతను ట్రేని దూరంగా, సింకు పక్క బల్ల మీద పెట్టి వచ్చాడు.

"అమ్మా, లాక్కోకు. చేయి వదులుగా పెట్టు."

"నొప్పి సార్."

"ఒక్కసారి. నేనిక్కడే ఉన్నాను."

అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుని చేయి వదులు చేసింది. కమలాబాయి బొటనవేలిని మడిచింది, నొక్కింది, ఒక్క క్షణం ఆగింది, వదిలేసింది. వదిలిన చేయి మంచం మీద వెల్లకిలా పడి, తెరుచుకుని, తర్వాతి మనిషి కోసం ఎదురుచూసింది.

జెరెమియా తన చేతిని అందులో పెట్టాడు. చల్లటి, బలంలేని వేళ్లు. అవి అతని బొటనవేలిని లోపలికి తోశాయి. ఎముక లొంగలేదు. పక్కకి తిప్పి మళ్లీ చూశాయి. కమలాబాయి నుదుటి మీద ముడి పడింది. అతని చేతిని ఆమె తోసేసింది.

"మగచేయికి సైజు లేదు," అన్నాడు జెరెమియా. "తిరుమల్, ఆవిడ గాజుల సైజు చూస్తోందయ్యా. యుగంధర్ గారిని పిలు. బయట నవత ఉంటుంది, లోపలికి పంపు."

"విజిటింగ్ టైమ్ కాదు సార్."

"కాదు. పంపు."

నవత చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. అంబులెన్సు మాట చెప్పడానికే పిలిచారనుకుందో ఏమో, ముఖంలో రక్తం లేదు. జెరెమియా ఏమీ వివరించకుండా మంచం పక్క చోటు చూపించాడు. ఆమె చెప్పులు కింద పెట్టి, చేతిని ఓణీకి తుడుచుకుని, తల్లి అరచేతిలో పెట్టింది.

కమలాబాయి వేళ్లు మూసుకున్నాయి. బొటనవేలి కోసం వెతకలేదు. మడవలేదు. కొలవాల్సిన అవసరం లేని చేయి అది. పట్టుకుంది, అంతే.

యుగంధర్ ఎప్పుడొచ్చాడో, అద్దం తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"అమ్మా," అంది నవత. వెంటనే ఇంకేం చెప్పాలో తెలియక, "దుకాణం బంద్ పెట్టిన. పండుగ దినం బంద్ పెట్టిన," అంది.

పట్టు బిగిసింది. నవత "అబ్బా!" అంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి. "తిడుతుంది సార్! నిజంగ! తిట్టేటప్పుడు గిట్లనే పడ్తది. గిదే పట్టు!"

కళ్లు తెరుచుకున్నాయి. మసకగా, ఎక్కడో చూస్తూ, మెల్లగా కూతురి వైపు తిరిగాయి. యుగంధర్ వంగి, "కమలాబాయి గారూ, నా వేళ్లు నొక్కండి," అన్నాడు. నొక్కింది. "వదలండి." వదిలింది. అతను నిటారుగా లేచి, తన వేళ్ల వైపు ఒకసారి చూసుకుని, బయటికి నడిచాడు.

దుర్గేష్ తడిసిన చొక్కాతో తలుపు దగ్గరే ఉన్నాడు.

"ఈరోజు తీసుకెళ్లకండి," అన్నాడు యుగంధర్. "బాగైపోయిందని అనడం లేదు. కిడ్నీలు అలాగే ఉన్నాయి. ఇన్ఫెక్షన్ పూర్తిగా పోలేదు. పరిస్థితి మళ్లీ దిగజారొచ్చు కూడా. కానీ మంగళవారం నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆవిడకి తెలివుంది."

దుర్గేష్ ఆయన్ని, వెనక నిలబడ్డ జెరెమియాని మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోను తీశాడు. "భాయ్, నువ్వు వాపస్ పో. ... అరే లేదు లేదు, గది గాదు. అక్క నా మేనకోడల్ని తిడుతుందంట. ... ఔ భాయ్, తిడుతుందంట!" అంటూ ఫోను చెవికి పెట్టుకునే గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. జెరెమియా అటు చూడకుండా లోపలికి వచ్చేశాడు.

సింకు పక్క ట్రేలో గాజుసీసా అలాగే ఉంది. దాన్ని తీసుకెళ్లి అరలో పెట్టి తాళం వేశాడు. యుగంధర్ నర్సుల బల్ల దగ్గర నిలబడి, అవసరమైతే నిద్రమందు ఇవ్వొచ్చన్న వాక్యం మీద గీత కొడుతున్నాడు. గీత పక్కన సంతకం పెట్టి, పెన్ను జెరెమియాకి అందించాడు. జెరెమియా టిక్కు పెట్టలేదు. తన పేరు పూర్తిగా రాశాడు.

చీకటి పడేవేళకి గొంతు నొప్పికి ఒక మందు, రక్తంలో పొటాషియం సరిచేయడానికి ఇంకొకటి చేర్చాల్సి వచ్చింది. వేళ్లాడే సీసాలు పెరిగాయి. గోడమీది తెరలో ఏడో బెడ్డు మళ్లీ ఎర్రబడింది. గ్లోరియా రాత్రి డ్యూటీకి వచ్చి, తెర కింద నుంచే నడిచి, తలెత్తి చూడకుండా ఏడో బెడ్డు దగ్గరికి వెళ్లింది. నవత చెవిలో చెప్పినట్టుంది, వెళ్లగానే తన ఎడమచేయి చాపింది. కమలాబాయి వేళ్లు ఒకసారి ముట్టుకుని, అలసిపోయి, పక్కకి వాలిపోయాయి.

"రేపు చూద్దాంలే పెద్దమ్మా. నేనెక్కడికీ పోను," అంది గ్లోరియా.

జెరెమియా ఇంటికి బయల్దేరాలి. డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. నిన్నటి పేడా ఇంకా కాగితంలోనే ఉంటే అక్కడే నిలబడి తినేశాడు. వెళ్లేముందు ఏడో బెడ్డు అద్దాల గది దగ్గర ఆగాడు. కమ్మీలకి గుడ్డపట్టీలు లేవు. చేతులు రెండూ దుప్పటి మీద వదులుగా ఉన్నాయి. కమలాబాయి ముఖం ఒక పక్కకి ఒరిగింది. పొద్దుటి బిగదీసిన నిశ్చలత్వం అందులో లేదు. ఊపిరి తీసినప్పుడల్లా పై పెదవి కొంచెం కదులుతోంది.

"నిద్రకేమీ రాయలేదా అన్నా?" గ్లోరియా గుసగుసగా అడిగింది.

"లేదమ్మా. తనే పడుకుంది."

గ్లోరియా లోపల లైటు తగ్గించింది. మెషిన్ కూతని ఒక మెట్టు కిందికి దించింది. నీళ్ల గిన్నె చప్పుడవకుండా బయటికి తెచ్చి పెట్టి, అద్దం తలుపు అంచుకి అరచేయి అడ్డం పెట్టి, మెల్లగా జరిపి మూసింది.